ఎగిరే పళ్ళాలు – ప్రజల సాక్ష్యం – సైనికుల దర్యాప్తు

మానవుడు నేల మీద బ్రతుకుతున్నా అతని చూపు అనాదిగా ఆకాశం మీదనే ఉన్నది. విత్తనం వేయుటకు కార్తెలు, ప్రయాణానికి చుక్కలు, పండుగకు నెలవంక – అన్నిటికీ అతడు తల ఎత్తి పైకే చూచాడు. తెలిసినది కనబడినప్పుడు సంతోషించాడు; తెలియనిది కనబడినప్పుడు భయపడ్డాడు, లేదా దాని చుట్టూ ఒక కథ అల్లుకున్నాడు. ఇరవయ్యవ శతాబ్దం ఈ పాత అలవాట్లకు తోడు ఒక క్రొత్త మార్గాన్ని చూపినది. అది, కనబడిన వింతను గూర్చి ప్రభుత్వానికి తెలుపుకోవడం, దానిని సైన్యం దర్యాప్తు చేయడం.

'ఎగిరే పళ్ళాలు' అన్న మాట వినగానే మన విద్యార్థులలో కొందరు నవ్వుతారు. మరికొందరు ఇతర గ్రహాల నుండి అతిథులు దిగివచ్చినట్లే మురిసిపోతారు. ఆ గ్రహవాసులు ఉన్నారా లేరా అన్న చర్చ ఇక్కడ మా ఉద్దేశం కాదు. ఒక సామాన్యుడు ఆకాశంలో ఏదో చూచి, "నేను దీనిని చూచాను" అని చెప్పినప్పుడు ఆ మాటను ఎవరు వినాలి, ఏ విధంగా వినాలి, విన్న తరువాత అతనికి ఏమి సమాధానం చెప్పాలి అన్నదే మా ప్రశ్న. ఇది చిన్న ప్రశ్నగా కనిపించవచ్చును. కాని పౌరునికీ ప్రభుత్వానికీ నడుమ ఉండవలసిన నమ్మకం మొత్తం ఈ ప్రశ్నలోనే ఇమిడి ఉన్నదని మా అభిప్రాయం.

1947 జూన్ 24న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే వ్యాపారి తన సొంత విమానం నడుపుకుంటూ పోతుండగా, రేనియర్ పర్వతం సమీపంలో మెరుస్తున్న తొమ్మిది వస్తువులు మహావేగంతో సాగిపోవడం చూచాడు. పత్రికలవారు వాటికి ఎగిరే పళ్ళాలని పేరు పెట్టారు. ఆ పేరు లోకమంతటా వ్యాపించినది. ఉర్దూలో ఉడన్ తష్తరీ అయినది. అవి రష్యాతో వైరం ముదురుతున్న రోజులు. ఆకాశంలో తెలియని వస్తువు ఉన్నదంటే అది శత్రువు విమానమేమోనని అక్కడి వైమానిక దళానికి అనుమానం కలగడం సహజమే. 1948లో 'సైన్' అనే పేరుతో, 1949లో 'గ్రడ్జ్' అనే పేరుతో, 1952 నుండి 'బ్లూ బుక్' అనే పేరుతో వారు ప్రజల నివేదికలను సేకరించి పరిశీలించారు. 1969 డిసెంబరులో ఆ పని ముగించే నాటికి 12,618 నివేదికలు లెక్కకు వచ్చాయి. వాటిలో అత్యధిక భాగం నక్షత్రాలు, గ్రహాలు, విమానాలు, బెలూన్లు, ఉల్కలు అని తేలినది. 701 మాత్రం ఏమిటో తేలలేదు. అంటే నూటికి సుమారు ఐదున్నర.

వైమానిక దళం చెప్పిన తుది తీర్పు ఏమనగా, వీటి వలన దేశ భద్రతకు ముప్పు లేదు, నాటి విజ్ఞానానికి అందని యంత్రాలన్నట్లు ఆధారం లేదు, ఇవి అన్యగ్రహాల వాహనాలని చెప్పుటకు సాక్ష్యం లేదు. ఈ తీర్పును తప్పు పట్టుటకు మాకు కారణం కనిపించదు. మేము గమనించవలసినదని చెప్పేది వేరొకటి. సైన్యం వేసుకునే మొదటి ప్రశ్న, "ఇది శత్రువా?" అన్నది. శత్రువు కాదని తేలగానే సైన్యం దృష్టిలో ఆ కాగితానికి పని తీరినట్లే. కాని చూచినవాని ప్రశ్న అది కాదు. "నేను చూచినది ఏమిటి?" అన్నది అతని ప్రశ్న. మొదటి ప్రశ్నకు సమాధానం దొరికినంత మాత్రాన రెండవ ప్రశ్న తీరదు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న ఖాళీలోనే పుకార్లు పుట్టి పెరిగినవి.

దీనికి తోడు ప్రజల మాటను తేలిక చేసే ధోరణి కూడా ప్రబలినది. 1953లో అమెరికా గూఢచారి సంస్థ కూర్చిన రాబర్ట్‌సన్ సంఘం, ఇటువంటి నివేదికలు కుప్పలుగా వచ్చిపడితే అసలైన శత్రు విమానాల హెచ్చరికలకు అడ్డు రావచ్చునని శంకించి, ఈ విషయంపై ప్రజలకు గల ఆసక్తిని తగ్గించవలెనని సలహా ఇచ్చినది. 1966 మార్చిలో మిచిగన్ రాష్ట్రంలో అనేకులు వింత దీపాలు చూచామన్నప్పుడు, వైమానిక దళానికి సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రజ్ఞుడు అలెన్ హైనెక్ అవి బురద నేలల నుండి లేచే వాయువు మంటలు కావచ్చునన్నాడు. ఆ మాట దేశమంతటా పరిహాసానికి గురి అయినది. తమను మూర్ఖులుగా లెక్కగట్టారని చూచినవారు నొచ్చుకున్నారు. ఆ అలజడి ఫలితంగానే కొలరాడో విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ కాండన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో విచారణ జరిగినది. తొలుత గట్టి అవిశ్వాసిగా ఉండిన హైనెక్, ఈ సాక్ష్యాలను మరింత శ్రద్ధగా పరిశీలించవలసి ఉన్నదని తరువాతి కాలంలో వాదించడం గమనింపదగినది.

పరిహాసం కన్న గోప్యత మరింత చెరుపు చేసినది. 1947 జూలైలో రోజ్‌వెల్ అనే ఊరి సమీపంలో ఏవో శకలాలు దొరికినప్పుడు సైన్యం మొదట ఎగిరే పళ్ళెం దొరికినదని ప్రకటించి, వెంటనే అది వాతావరణ బెలూన్ అని సవరించుకున్నది. సోవియట్ అణు పరీక్షల శబ్దతరంగాలను దూరం నుండి పసిగట్టుటకు రహస్యంగా ఎగురవేసిన బెలూన్ల పరికరాలే అవి అని 1994లో గాని అక్కడి వైమానిక దళం వెల్లడించలేదు. 47 సంవత్సరాలు! ఈలోగా ఒక బెలూన్ చుట్టూ అన్యగ్రహవాసుల కళేబరాల వరకు కథలు పెరిగినవి. ఆనాడు ఆ రహస్యానికి సైనిక కారణం ఉండవచ్చును. కాని సోవియట్ యూనియన్‌యే లేకుండా పోయిన తరువాత గాని నిజం బయటకు రాకపోవడం ఏ నీతి? ప్రభుత్వం ఒకసారి అబద్ధమాడినదని తెలిసిన తరువాత అది చెప్పే సత్యాన్ని సైతం ప్రజలు నమ్మరు.

ఫ్రాన్సు దేశం వేరొక త్రోవ త్రొక్కినది. 1977లో ఆ దేశపు అంతరిక్ష పరిశోధన సంస్థలోనే ఒక చిన్న విభాగాన్ని నెలకొల్పి ఈ పనిని దానికి అప్పగించారు. పల్లెలలోని పోలీసులు చూచినవారి వాఙ్మూలం తీసుకుంటారు, శాస్త్రజ్ఞులు పరిశీలిస్తారు, పూర్తిగా తేలినవి, బహుశా తేలినవి, వివరాలు చాలనివి, వివరాలు ఉండి కూడా తేలనివి అని నాలుగు తరగతులుగా విభజించి, సాక్షుల పేర్లు దాచి, ఫలితాలను ప్రజల ముందు పెడతారు. ఆ విభాగం నేటికీ పని చేస్తున్నది. బ్రిటన్ రక్షణ శాఖ మాత్రం, తన పరిశీలనలో ముప్పు ఏదీ కనబడలేదని చెప్పి 2009లో ఈ పనిని మూసివేసినది. ఇక అమెరికాలో ఈ విషయం మళ్ళీ ముందుకు వచ్చినది. 2021 జూన్ నాటి ప్రభుత్వ నివేదికలో 144 ఉదంతాలకు గాను ఒక్కదానికి మాత్రమే నిశ్చయమైన కారణం చెప్పగలిగారు; అది గాలి తగ్గుతున్న పెద్ద బెలూన్. 2023లో నాసా నియమించిన నిపుణుల సంఘం, చూచినది చెప్పుకోవడానికి సిగ్గుపడే పరిస్థితి పోవలెననీ, మంచి కొలతలు లేనిదే ఏ నిర్ణయానికీ రాలేమనీ తేల్చినది.

మన దేశంలో జరిగిన రెండు ఉదంతాలు ఈ సందర్భంలో స్మరింపదగినవి. 2012 ఆగస్టు నుండి 2013 ఫిబ్రవరి వరకు లడఖ్‌లోని పాంగాంగ్ సరస్సు ప్రాంతంలో మన సైనికులు సరిహద్దు మీద వెలుగుతున్న వస్తువులను 329 పర్యాయాలు నమోదు చేశారు. అవి చైనావారి గూఢచారి విమానాలేమోనని కలవరం కలిగినది. చివరకు బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రజ్ఞులను సంప్రదించగా, అవి శుక్ర, గురు గ్రహాలని తేలినది. చలికి ఓర్చి కావలి కాసే సైనికులను ఇందుకు ఎగతాళి చేయడం అన్యాయం. ఎత్తైన ప్రదేశంలో, నిర్మలమైన గాలిలో గ్రహాలు ఎంతో కాంతితో కనబడతాయి. వారు చూచినది అబద్ధం కాదు. చూచినదానికి ఇచ్చుకున్న అర్థం మాత్రమే పొరపాటు. సుశిక్షితులైన సైనికులకే ఇట్లా జరిగినప్పుడు, దిల్‌సుఖ్‌నగర్ మేడ మీద నిలబడిన విద్యార్థికి జరిగితే అందులో సిగ్గుపడవలసినదేమున్నది?

రెండవది, 2023 నవంబర్ 19 నాటిది. ఇంఫాల్ విమానాశ్రయం వద్ద మధ్యాహ్నం వేళ ఆకాశంలో గుర్తు తెలియని వస్తువు కనబడినదని సమాచారం రాగా, కొన్ని గంటలపాటు విమానాల రాకపోకలు నిలిపివేశారు. విమానాశ్రయం నుండి వచ్చిన ఆ సమాచారాన్ని బట్టి రక్షణ చర్యలు చేపట్టామనీ, ఆ తరువాత ఆ చిన్న వస్తువు మళ్ళీ కనబడలేదనీ వైమానిక దళం ప్రకటించినది. దాని కోసం రఫేల్ విమానాలను పంపారు. పౌరుల మాటను ఇంత శీఘ్రంగా పట్టించుకోవడం ప్రశంసనీయమే. లడఖ్ ఉదంతంలో శాస్త్రజ్ఞులు తోడైనందున ప్రశ్నకు సమాధానం దొరికినది. ఇంఫాల్‌లో ప్రకటన "కనబడలేదు" అన్నంతటితో ఆగినది. ఈ రెండింటి మధ్య తేడా గ్రహించినవారికి మా వాదం సులభంగా బోధపడుతుంది.

ఇక మన నగరానికి వద్దాము. ఆకాశాన్ని గూర్చి ప్రజలకు ముందుగా చెప్పే మంచి సంప్రదాయం ఒకటి మన హైదరాబాదులోనే ఉన్నదని ఎందరికి తెలుసు? ఈ.సి.ఐ.ఎల్. ప్రాంతంలో టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రం ఉన్నది. అక్కడి నుండి పరికరాలతో ఎగిరే పెద్ద పెద్ద బెలూన్లు 30 నుండి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. పని ముగిసిన తరువాత పరికరాలు రంగుల గొడుగుల సాయంతో దూరపు జిల్లాలలో దిగుతాయి. ఎగురవేయడానికి ముందు వారు పత్రికలలో ప్రకటన ఇస్తారు: ఇటువంటివి దొరికితే భయపడవద్దు, విప్పవద్దు, పెట్టె మీద ఉన్న చిరునామాకు తెలుపండి, తెలిపినవారికి తగిన పారితోషికం ఇస్తాము అని. రోజ్‌వెల్‌లోనూ బెలూనే, ఇక్కడా బెలూనే. అక్కడ దాచినందున అర్ధశతాబ్దం పుకారు నడిచినది. ఇక్కడ చెప్పినందున రైతు దానిని తెచ్చి అప్పగిస్తున్నాడు.

అయితే ఆ మాట అందరికీ చేరకపోతే ఏమవుతుందో 2022 డిసెంబర్ 7న చూచాము. ఆనాడు నగరపు ఆకాశంలో తెల్లని వింత ఆకారం కనబడగా పలువురు మేడలెక్కి చూచారు. ఎగిరే పళ్ళెమన్న మాట క్షణాలలో ఫోన్ల మీద పాకిపోయినది. వికారాబాద్ జిల్లాలో ఒక పొలంలో పెద్ద గుళిక వంటిది దిగగా చుట్టుప్రక్కల జనం గుమిగూడారు. అది యాత్రికులను ఆకాశపు అంచులకు తీసుకుపోవాలనుకునే స్పెయిన్ దేశపు సంస్థ, ఈ బెలూన్ కేంద్రం నుండి చేసిన ప్రయోగం. తెలిసిన తరువాత అందరూ నవ్వుకున్నారు. కాని తెలియని కొన్ని గంటల భయం మాత్రం నిజమైనదే. 1979 జూలైలో స్కైలాబ్ పడుతున్నదన్నప్పుడు మన పల్లెలలో కోళ్ళను, మేకలను కోసుకుని తిన్నవారి ముచ్చట్లు పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ఆ స్కైలాబ్ హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలోనూ పడినది. నాడు లేనిది ధైర్యం కాదు, అర్థమయ్యే భాషలో సమాచారం.

ఇక సాక్ష్యాన్ని గౌరవంగా విచారించే పద్ధతి కోసం మనం ఫ్రాన్సు దాకా పోనక్కరలేదని మా మనవి. నెల 29వ నాటి సాయంకాలం నెలవంక కోసం చూచే ఆచారం మన కళాశాలలో సగం ఇళ్ళలో ఉన్నదే. చంద్రదర్శనమైనదని ఎవరైనా వచ్చి చెబితే రూయతె హిలాల్ కమిటీ పెద్దలు అతనిని గేలి చేయరు, అనుమానితునిగా నిలబెట్టరు. ఎక్కడ నిలబడి చూచావు, ఏ దిక్కున, ఎంత ఎత్తున, కొమ్ములు ఎటు తిరిగి ఉన్నవి, ఇంకెవరు చూచారు అని అడుగుతారు. హనఫీ ధర్మశాస్త్రంలో ఒక సూక్ష్మమైన నియమం ఉన్నది. ఆకాశం మబ్బు పట్టి ఉంటే రంజాన్ నెల ఆరంభానికి నమ్మదగిన ఒక్కని మాట చాలును. ఆకాశం నిర్మలంగా ఉంటే మాత్రం పెద్ద సమూహం చూచి ఉండవలెను. నిర్మలమైన ఆకాశంలో నిజంగా నెలవంక ఉంటే ఒక్కనికే ఎందుకు కనబడుతుంది? ఇంతకన్న చక్కని తర్కం ఏ సైనిక దర్యాప్తు పుస్తకంలో ఉన్నది? సాక్షి సత్యవంతుడైనా అతని కన్ను పొరబడవచ్చును. అందుచేత మనిషిని గౌరవిస్తూ మాటను పరీక్షించవలెను. ఈ ఒక్క సూత్రం పాటించి ఉంటే మిచిగన్‌లో ఎవరి మనసూ నొచ్చి ఉండేది కాదు.

ఈ విషయం మన ప్రాంతానికి మరింత దగ్గరిది. దిల్‌సుఖ్‌నగర్‌వారికి 'గుర్తు తెలియని వస్తువు' అన్న మాట ఆకాశానికి సంబంధించినది మాత్రమే కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలం సైకిళ్ళకు అమర్చిన బాంబులు ప్రేలి, బస్సు కోసం నిలుచున్నవారు, ఫలహారం చేస్తున్నవారు ప్రాణాలు కోల్పోయారు. నాటి నుండి, అనుమానాస్పదమైనది కనబడితే తెలుపవలసినదని ప్రతి కూడలిలోనూ చెబుతున్నారు. తెలుపవలసినదే. పైగా మనకు కొద్ది దూరంలోనే కంచన్‌బాగ్ రక్షణ ప్రయోగశాలలు ఉన్నవి. చేతిలో ఇమిడే డ్రోన్ కూడా ముప్పు తేగల కాలమిది. కాని చెప్పబోయే విద్యార్థి మనసులో ఒక జంకు ఉన్నది. "నవ్వుతారేమో" అన్నది ఒకటి. "అక్కడ నీకేమి పని, నీవెందుకు ఫోటో తీశావు అంటారేమో" అన్నది రెండవది. మన వంటి కళాశాలలో చదివే పిల్లలకు ఈ రెండవ జంకు ఇంకొంత ఎక్కువగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. చెప్పినవానినే శంకించే చోట ఎవరూ ఏదీ చెప్పరు. అందువలన నష్టపోయేది ఆ విద్యార్థి ఒక్కడే కాదు, నగరమంతా.

సైనిక విషయాలు బహిరంగం చేస్తే దేశ రక్షణకు హాని కలుగుతుందని కొందరు అనవచ్చును. రాడార్ సంగతులు, ఆయుధాల సంగతులు దాచవలసినవే. అందులో మాకు భేదాభిప్రాయం లేదు. కాని శుక్ర గ్రహం రహస్యం కాదు. బెలూన్ రహస్యం కాదు. గొలుసు వలె బారు తీరి పోయే స్టార్‌లింక్ ఉపగ్రహాలు రహస్యం కాదు. శత్రువు కాదని తేల్చుకున్న తరువాత ఆ కాగితాన్ని ఖగోళ శాస్త్రజ్ఞులకు అప్పగించి, తేలినది ప్రజలకు తెలుగులోనూ ఉర్దూలోనూ చెబితే రక్షణకు కలిగే లోపం ఏమీ లేదు. పైగా ప్రజలు మంచి సాక్షులుగా తయారవుతారు.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనవసరం లేదు. మన ప్రాంతానికి ఖగోళ శాస్త్రంతో పాత చుట్టరికమే ఉన్నది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన సొంత ధనంతో 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి వేధశాల నెలకొల్పినది మనకు దగ్గరలోని ఫిసల్‌బండలోనే. అదే తరువాత బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెంది, నిజామియా వేధశాలగా ప్రసిద్ధి కెక్కినది. ఎల్.బి.నగర్ నుండి సాగర్ రోడ్డున పోతే జపాల్–రంగాపూర్ వేధశాల వస్తుంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రజ్ఞులు అక్కడి నుండి పరిశీలిస్తుండగా, నగరంలో జనం భయంతో తలుపులు మూసుకుని కూర్చున్నారు. ఆ రెండు వైఖరులలో మనం దేనికి వారసులమో మనమే నిర్ణయించుకోవలసి ఉన్నది.

అందుచేత కళాశాల కార్యవర్గం వారికి మా విన్నపం ఇది. గ్రంథాలయంలో ఒక ఆకాశ దర్శన పుస్తకం ఉంచవలెను. అందులో తేదీ, గడియారపు సమయం, నిలబడిన చోటు, దిక్కు, ఎంతసేపు కనబడినది, కదిలినదా నిలిచినదా, శబ్దమున్నదా, మబ్బు ఉన్నదా, తోడుగా ఎవరు చూచారు అన్నవి తెలుగులో గాని ఉర్దూలో గాని వ్రాయవలెను. ఎత్తు కొలుచుటకు యంత్రం అక్కరలేదు. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. భౌతిక శాస్త్ర విద్యార్థులు గ్రహాల స్థానాలతో, ఉపగ్రహాల వేళలతో, శంషాబాద్‌కు దిగే విమానాల దారులతో, బెలూన్ ప్రకటనలతో సరిపోల్చి ఫలితాన్ని ప్రక్కన వ్రాయవలెను. తేలనిదానికి 'తెలియదు' అని వ్రాయవలెను. ఆ మాట వ్రాయగల ధైర్యమే విజ్ఞానానికి తొలి మెట్టు. ఒకవేళ పోలీసులకు తెలుపవలసినది కనబడితే, విద్యార్థి ఒంటరిగా పోనక్కరలేకుండా, ప్రిన్సిపాల్ గారి సంతకంతో కళాశాల పేరనే పంపవలెను. అప్పుడు ఆ సాక్ష్యం వెనుక ఒక సంస్థ నిలబడినట్లు అవుతుంది.

దీనికి కావలసినది ఒక పుస్తకం, ఒక కలం, కొద్ది ఓపిక. వచ్చే సంవత్సరం ఈ సంచికలో ఆ పుస్తకంలోని లెక్కలు ప్రచురించగలిగితే, అందులో ఒక్క ఎగిరే పళ్ళెమూ లేకపోయినా, చూచినది చూచినట్లు చెప్పగల యువతీయువకులు కొందరు మన కళాశాలలో తయారైనారని గర్వంగా చెప్పుకోవచ్చును.